పేరు లేని కుర్రాడికి ఒక ఐడీ

టోర్షావన్‌లో ఇవాళ కూడా పొగమంచే.
కిటికీ అవతల రేవు ఉందని
పడవల మోతను బట్టి నమ్మాలి.
నేను ఉత్తరాలకు కొసలు కడుతున్నాను.

హానుస్ రాసినవి, ఇరవై మూడు,
ఐస్‌లాండ్ నీళ్ళలో కాడ్ చేపల వేటకు పోయిన ఓడ నుంచి
మారిన్‌కు.
ప్రతి పేరాకూ ముందొక గుర్తు, వెనకొక గుర్తు.
తెరిచిన ట్యాగు మూయకపోతే
తలుపు వేయని ఇల్లే, చలంతా లోపలికే.

ఒక్కో మనిషికీ ఒక్క ఐడీ.
ఒకే ఫైల్లో ఇద్దరికి ఒకటే ఇవ్వకూడదు,
అంకెతో మొదలుపెట్టకూడదు, మధ్యలో ఖాళీ ఉండకూడదు.
ఆ దీవిలో మాత్రం యెగ్వన్ అని పిలిస్తే
ఏడుగురు తిరిగి చూస్తారు.
అందుకే యెగ్వన్-పడవలషెడ్డు, యెగ్వన్-కుంటి,
యెగ్వన్-మారిన్‌తమ్ముడు.
ఊరివాళ్ళు ఎప్పుడో చేసిన పనే ఇది,
నేను మధ్యలో అడ్డగీత పెట్టానంతే.

లోపలి లంకెలు తేలిక.
మూడో ఉత్తరంలో "నువ్వు పంపిన చేతితొడుగులు అందాయి" అంటాడు,
రెండో దాంట్లో "చేతులు పగిలాయి" అన్నాడు.
ఒక హాష్ గుర్తు, దాని వెనక ఒక పేరు.
నొక్కితే
పగిలిన చేతుల దగ్గరికి వెళ్ళి ఆగుతావు.
వెనక్కి రావాలంటే ఇంకోటి రాయాలి.
వెళ్ళే దారి వేశావు కదా అని
వచ్చే దారి దానంతటది పడదు.
ఈ సంగతి మారిన్‌కు నాకంటే బాగా తెలుసు.

చర్చి రిజిస్టరుతోనే తంటా.
అది వేరే ఫైలు, వేరే ఆఫీసు, తాళం వేసి ఇచ్చారు:
చదువుకో, చెయ్యి పెట్టకు.
కాబట్టి ఆ లంకెలన్నీ మూడో ఫైల్లో రాస్తాను,
ఈ ఉత్తరంలో ఈ వాక్యం,
ఆ రిజిస్టరులో పన్నెండో పేజీ నాలుగో వరస.
ఉత్తరానికి తెలియదు తన ముగింపు అక్కడుందని.
రిజిస్టరుకు తెలియదు, మునిగాడని తాను రాసుకున్నవాడు
అంతకు వారం ముందే
బంగాళాదుంపల ధర అడిగాడని.
ఇద్దరికీ సంబంధం కుదిర్చి
ఇద్దరికీ చెప్పని పెళ్ళిళ్ళ పేరమ్మను నేను.

పంతొమ్మిదో ఉత్తరం.
"కుర్రాడికి ఓడ ప్రయాణం పడటం లేదు. నా కంబళి ఇచ్చాను."
ఏ కుర్రాడు?
సిబ్బంది జాబితా ఇంకో ఫైలు. పదహారు పేర్లు.
అందరూ గడ్డాలవాళ్ళే.
తెర మీద ఎర్రగీత:
ఈ లంకెకు అవతలి కొస లేదు.

యాకుప్ కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి
"ఊహించకు" అన్నాడు.
పాత దస్తూరీ చదవడంలో ముప్పై ఏళ్ళు గడిపినవాడు,
ఎవరికైనా చెప్పేది అదొక్కటే.
"అయితే తీసేయనా?"
"తీసేయమని అన్నానా?"
కాఫీ చల్లారింది. ఇద్దరం చల్లారినదే తాగాం.

సాయంత్రం ఒక ఖాళీ ఎలిమెంటు రాశాను.
లోపల అక్షరం లేదు,
చివర ఒక వాలుగీత, తనను తానే మూసుకున్న తలుపు.
ఐడీ: కుర్రాడు.
ఎర్రగీత పోయింది.
మా పనిలో దీన్ని లంగరు అంటారు.
రేవులో ఎవరన్నా వింటే నవ్వుతారు,
లంగరు పట్టడానికి కింద ఏదో ఒక నేల ఉండాలి కదా.

మార్చిలో, ఉత్తరపు దీవి నుంచి
బిర్నా అనే బడిపంతులమ్మ
వాళ్ళ ముత్తవ్వ అల్లిక పుస్తకం తెచ్చింది.
ఊలు లెక్కలు, కుట్ల లెక్కలు, ఒకచోట టీ మరక.
ఒక పేజీ అంచున పెన్సిలుతో,
"నిక్లాస్‌కు చేతులు రెండు వేళ్ళు పొడుగ్గా.
ఇంకా ఎదుగుతున్నాడు. ఓడ ఎక్కేలోపు కావాలి."
ఆ ఏడాదే.
ఓడ పేరు లేదు.

తీగ దొరికింది, డొంక కదల్లేదు.
యాకుప్ వైపు చూశాను.
ఈసారి ఊహించకు అనలేదు,
కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు.

మూడో ఫైల్లో ఇంకో వరస చేర్చాను.
ఒక కొస కంబళి. ఇంకో కొస స్వెటరు చేతులు.
నమ్మకం అనే గడిలో రాశాను:
కొంచెం.